ఓడెక్కే ముందు ఓ లెక్క

ఆదివారం పొద్దున్న. అమెరికాలోని మయామీ రేవు. తెల్లవారుజామునే వచ్చి ఆగిన ఓడలోంచి పాత ప్రయాణికులు పెట్టెలు ఈడ్చుకుంటూ దిగిపోతుంటారు. ఇంకో పక్క కొత్తవాళ్లు అప్పుడే వరస కట్టేస్తారు. సాయంత్రం నాలుగైదింటికల్లా ఓడ మళ్లీ కదలాలి మరి!

ఆ వరసలో ఓ తెలుగు కుటుంబం ఉండనే ఉంటుంది. కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలు, ఆర్నెల్లు ఉండి వెళ్దామని తెనాలి నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన నానమ్మా తాతయ్యా. పిల్లలు ఓడ మీద కనిపిస్తున్న జారుడుబల్లల్ని లెక్కపెడుతుంటారు. నానమ్మ షాలువా కప్పుకుని ‘ఇంత పెద్దది నీళ్ల మీద ఎట్లా తేలుతుందే’ అని ఆశ్చర్యపోతుంటుంది. తాతయ్య మాత్రం కొడుకుని పక్కకి పిలుస్తాడు.

‘ఎంతయిందిరా మొత్తం?’

‘ఎంతో కాలేదు నాన్నా. మనిషికి ఎనిమిది వందల యాభై డాలర్లు. వారం రోజుల తిండీ, గదీ, ఆటాపాటా అన్నీ అందులోనే.’

అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో వారం తర్వాత ఓడ దిగేటప్పుడు తెలుస్తుంది. పాపికొండల లాంచీ ఎక్కితే టికెట్టులోనే పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనం వచ్చేస్తాయి. దిగేటప్పుడు బిల్లు చేతిలో పెట్టరు. ఈ ఓడలు అలా కాదు. ఏ కంపెనీ చవక, ఏది ఖరీదు అన్నది టికెట్టు చూసి తేల్చుకుంటే పప్పులో కాలేసినట్టే!

టికెట్టు సగం కథే

అసలు కిటుకు కంపెనీల లెక్కల పుస్తకాల్లోనే ఉంది. రాయల్ కరీబియన్ సంస్థకి 2023లో వచ్చిన ఆదాయం సుమారు 1,390 కోట్ల డాలర్లు. అందులో టికెట్ల మీద వచ్చింది 957 కోట్లు. మిగిలిన 433 కోట్లూ ప్రధానంగా జనం ఓడెక్కాక పెట్టిన ఖర్చు... మద్యం, క్యాసినో, ఇంటర్నెట్టు, రేవుల్లో విహారాలు, ఫొటోలు, ప్రత్యేక హోటళ్లు వగైరా. కార్నివాల్ గ్రూపుదీ అదే కథ. 2023లో 2,160 కోట్ల డాలర్ల ఆదాయంలో సుమారు 750 కోట్లు ఇలాంటివే. అంటే వచ్చిన ప్రతి మూడు డాలర్లలో దాదాపు ఒకటి టికెట్టు బయటిదే.

అందుకే టికెట్టు తక్కువకి ఇవ్వడానికి కంపెనీలు వెనకాడవు. గది ఖాళీగా పోతే టికెట్టు డబ్బే కాదు, ఆ గదివాళ్లు ఓడలో పెట్టే ఖర్చూ పోతుంది. సగం ధరకైనా సరే మనిషి ఎక్కితే చాలు!

ఇంకో సంగతి. ప్రకటనలో ఉండే ధర గదికి ఇద్దరన్న లెక్కలో ఒక్కరిది. ఒంటరిగా వెళ్తే సాధారణంగా ఇద్దరి డబ్బూ కట్టాలి. అదే గదిలో మూడో మనిషి, నాలుగో మనిషి ఎక్కితే వాళ్లకి ధర తగ్గుతుంది. పిల్లలున్న కుటుంబాలకి కలిసొచ్చేది ఇక్కడే. 2024 జనవరిలో మయామీ నుంచి మొదలైన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ ఓడలో గదికి ఇద్దరి చొప్పున లెక్కవేస్తే 5,610 మంది పడతారు. కానీ నిండా ఎక్కించుకుంటే 7,600 మంది! ఆ తేడా అంతా సోఫాల మీదా, గోడలోంచి కిందికి దిగే పై బెర్తుల మీదా సర్దుకునేవాళ్లదే. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. కంపెనీలు ‘మా ఓడలు నూటికి నూటయిదు శాతం నిండాయి’ అని చెప్పుకునేది అందుకే.

నలుగురి కుటుంబం... వారం రోజులు

ఉదాహరణకి ఓ లెక్క వేసుకుందాం. ధరలు రోజు రోజుకీ మారతాయి కాబట్టి అంకెల్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. లెక్క వేసే పద్ధతి ముఖ్యం.

బాల్కనీ లేని గది, ఏడు రాత్రులు. మొదటి ఇద్దరికీ 850 డాలర్ల చొప్పున 1,700. పిల్లలిద్దరికీ 500 చొప్పున వెయ్యి. మొత్తం 2,700. పన్నులూ రేవు రుసుములూ ఇందులో కలిసే ఉన్నాయి. ఒకప్పుడు వాటిని చివరి పేజీలో కలిపి గుండె గుభేల్మనిపించేవారు. ముందే కలిపి చూపాలని కాలిఫోర్నియా చేసిన చట్టం 2024 జులై 1 నుంచి అమల్లోకి రావడంతో, పెద్ద కంపెనీలు అమెరికా అంతటా ఆ పద్ధతికే మారాయి. ఒక గండం గడిచినట్టే.

ఇక రెండోది టిప్పు. ఇష్టమైతే ఇచ్చేది కాదు, రోజుకి ఇంతని బిల్లులో తనంతట తనే పడిపోయేది. కంపెనీని బట్టి మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. చంటిపిల్లల్ని కొన్ని కంపెనీలు వదిలేస్తాయి గానీ ఐదేళ్లవాడికీ అరవయ్యేళ్లాయనకీ ఒకటే రేటు. పద్దెనిమిది చొప్పున వేసుకున్నా నలుగురికి ఏడు రోజులకి 504. ఇప్పటికి 3,204.

ఇక్కడితో ఆగిపోవచ్చు. మూడుపూటలా భోజనం, గది, ఈతకొలను, నాటకాలు, పిల్లల క్లబ్బు అన్నీ వచ్చేశాయి. మంచినీళ్లూ టీ కాఫీలూ ఉచితం. కానీ ఆగేవాళ్లెందరు? ఆఫీసు మెయిల్ చూసుకోవాలని ఒక్క ఫోనుకి ఇంటర్నెట్టు తీసుకుంటే ఏడు రోజులకి 140. పిల్లలకి కూల్‌డ్రింకుల ప్యాకేజీ 126. రెండు రేవుల్లో దిగి, కంపెనీ బస్సులో ఊరు చూసొస్తే నలుగురికి 480. పెళ్లిరోజని భార్యాభర్తలు ఒక రాత్రి ప్రత్యేక హోటల్లో తింటే వంద. మెట్ల దగ్గర నిలబెట్టి తీసే ఫొటోలు వద్దు వద్దంటూనే కొంటే 150. అన్నీ కలిపి 4,200.

అంటే మనిషికి వెయ్యీ యాభై. రాత్రికి నూటయాభై. డాలరుకి 90 రూపాయలనుకుంటే కుటుంబానికి మూడు లక్షల డెబ్భై ఎనిమిది వేలు! ఇంకో గదిలో నానమ్మా తాతయ్యా ఉన్నారుగా... వాళ్ల టికెట్టూ టిప్పూ కలిపి మరో 1,952. మొత్తం ఐదున్నర లక్షల పైమాటే. కొడుకు ‘ఎంతో కాలేదు’ అన్నది దీన్నే!

ఓడ సరే... ఎవరి ఓడ?

అమెరికాలో ‘పిల్లాపాపలతో రండి’ అని పిలిచే పెద్ద కంపెనీలు ప్రధానంగా ఐదు. కార్నివాల్, రాయల్ కరీబియన్, నార్వేజియన్, ఎమ్మెస్సీ, డిస్నీ. తిరిగేది ఇంచుమించు ఒకే సముద్రం, ఆగేదీ అవే దీవులు. తేడా అంతా ఏది టికెట్టులో కలిపారు, దేనికి విడిగా వసూలు చేస్తారన్నదే.

చవకకి పేరు కార్నివాల్‌ది. 1972లో ఓ పాత ఓడ కొని మొదలుపెట్టిన కంపెనీ ఇది. ‘మార్డీ గ్రా’ అని పేరుపెట్టి మొదటిసారి మయామీ నుంచి పంపితే రేవు దాటీ దాటకముందే ఇసుకమేటలో ఇరుక్కుపోయింది! శకునం అలా తగలడ్డా వ్యాపారం మాత్రం ఆగలేదు. ఊళ్లు చూపించడం కన్నా ఓడలోనే సందడి చేయించడం అన్న సూత్రం పట్టుకుని అందర్నీ మించిపోయింది. ఇప్పటికీ అదే తీరు. పాటలూ ఆటలూ గోలా ఎక్కువ. బర్గర్లూ పిజ్జాలూ మెక్సికన్ వంటలూ విడిగా డబ్బు లేకుండా దొరుకుతాయి. దీని అసలు లాభం ఇంకోచోట ఉంది. ఫ్లోరిడాకే పరిమితం కాకుండా దేశం చుట్టూ చాలా రేవుల నుంచి ఈ ఓడలు బయల్దేరతాయి. డాలస్‌లో ఉన్న తెలుగు కుటుంబం కారెక్కితే ఐదు గంటల్లో గాల్వెస్టన్ రేవులో ఉంటుంది. ఆరుగురికి మయామీ దాకా విమాన టికెట్లూ, ముందురోజు హోటలూ కలిపి చూస్తే... ఓడల మధ్య తేడా కన్నా ఆ ఖర్చే ఎక్కువ! హ్యూస్టన్ వాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు, గంట దారి. రాయల్ కరీబియన్ వాళ్ల ఓడలూ అక్కడి నుంచి తిరుగుతాయి.

రాయల్ కరీబియన్ పదేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లకి సరిపోతుంది. గోడలెక్కడం, మంచుమీద స్కేటింగు ఓడలో పెట్టింది 1999లో వీళ్ల ‘వోయేజర్ ఆఫ్ ద సీస్’తోనే. అలల మీద నిలబడి జారే యంత్రం, నీటి జారుడులు, ఐస్‌షోలు... చాలావరకు టికెట్టులోనివే. పద్నాలుగేళ్ల కుర్రాడు వారంపాటు ‘బోర్’ అనకుండా ఉన్నాడంటే దానికెంత వెల కట్టొచ్చో తల్లిదండ్రులకే తెలియాలి! కాకపోతే కొత్త ఓడలకి ధర చుక్కల్లో ఉంటుంది. అదే కంపెనీ పాత ఓడకి, అదే వారం, చాలా తక్కువ. కాబట్టి కంపెనీ పేరు కాకుండా ఓడ పేరూ, అది పుట్టిన సంవత్సరం అడగాలి. బహామాస్‌లో వీళ్లకో సొంత దీవి ఉంది, కోకోకే. అక్కడ ఇసుకతీరం, మామూలు భోజనం ఉచితం. ఎదురుగా ఊరించే వాటర్‌పార్కుకి మాత్రం విడిగా, అదీ గట్టిగానే, కట్టాలి. దీవికి వెళ్లే రోజు పొద్దున్నే పిల్లలకి ఈ సంగతి చెప్పి ఉంచడం మంచిది.

ఇక డిస్నీ. అదే సముద్రం, అదే వారం, టికెట్టు మాత్రం మిగతావాళ్లకి రెట్టింపు కావడం మామూలే. మరి ఏమిస్తారు? కూల్‌డ్రింకులు ఉచితం. రోజుకో హోటల్లో భోజనం, వడ్డించే మనిషి మాత్రం వారమంతా మీ వెంటే వస్తాడు. రెండో రోజుకే పాపకి పాలు ఎంత వేడిగా కావాలో అతనికి తెలిసిపోతుంది. కొత్త సినిమాలుంటాయి. నాటకాలు నిజంగానే బాగుంటాయి. పిల్లల క్లబ్బు అర్ధరాత్రి దాకా ఉచితం. మిగతా కంపెనీల్లో రాత్రి పది దాటితే గంటకింతని తీసుకుంటారు. చాలా గదుల్లో స్నానాలగదీ టాయిలెట్టూ విడివిడిగా ఉంటాయి. నలుగురున్న గదిలో పొద్దుటిపూట అదెంత సుఖమో వేరే చెప్పాలా! ఇవన్నీ కలిపినా రెట్టింపు డబ్బుకి సరిపోతాయా అంటే, నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలుండి, వాళ్లకి మిక్కీమౌస్ అంటే ప్రాణమైతే సరిపోతాయి. పదమూడేళ్లవాడికీ, ఏడాది పిల్లకీ ఆ డబ్బు దండగే.

ఎమ్మెస్సీ ఇటాలియన్ కుటుంబానిది, కేంద్రం జెనీవాలో. పిల్లలకి టికెట్టు లేకుండా పన్నులే కట్టించుకునే ఆఫర్లు వీళ్లు తరచుగా పెడతారు. ముగ్గురు పిల్లలున్నవాళ్లు ముందు ఇక్కడ అడిగి చూడాలి. నార్వేజియన్ వాళ్లు ఫలానా వేళకి ఫలానా బల్ల దగ్గరే తినాలన్న పట్టింపుని 2000లోనే తీసేశారు. నిద్రలేచినప్పుడు తినే ఇంటికి అది హాయి. అయితే ‘ఉచితం’ అని ఇచ్చే డ్రింకుల ప్యాకేజీ మీద సర్వీస్ చార్జీ కట్టాలి. మద్యం ముట్టనివాళ్లు ఆ ప్యాకేజీ లేని ధర ఎంతో అడిగి, రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఆ మాటకొస్తే చాలా కంపెనీల్లో ఒక మెలిక ఉంది. గదిలో ఒక పెద్దమనిషి మద్యం ప్యాకేజీ తీసుకుంటే అదే గదిలోని రెండో పెద్దమనిషీ తీసుకోవాల్సిందే. భర్త సరదాకి భార్య పేర కూడా బిల్లు!

ఎవరికి గిట్టుబాటు?

ఒకే టికెట్టు ఇంట్లో అందరికీ ఒకే విలువ ఇవ్వదు. ఆర్నెల్లు నిండని పసివాళ్లని అసలు ఎక్కనివ్వరు. ఏడాది పిల్లకి డైపరు వేసి ఈతకొలనులో దింపుతామంటే చాలా ఓడల్లో ఒప్పుకోరు, కొన్నింట్లోనే వాళ్లకంటూ చిన్న నీటి మడుగు ఉంటుంది. ఉచిత క్లబ్బు ఎక్కువచోట్ల మూడేళ్లు నిండాకే, కార్నివాల్‌లో రెండేళ్ల నుంచి. కాబట్టి పిల్లకి మూడేళ్లు వచ్చేదాకా ఆగగలిగితే ఆ డబ్బుకి రెట్టింపు ఫలం.

పెద్దవాళ్లకి? ఇక్కడే ఈ ఓడలు గెలుస్తాయి. మోకాళ్ల నొప్పులున్న నానమ్మని తీసుకుని కార్లో న్యూయార్క్, నయాగరా తిప్పేటప్పుడు రోజుకో హోటలు, రోజుకోసారి పెట్టె విప్పడం, మళ్లీ కట్టడం. ఓడలో గది మారదు, ఊళ్లే మారతాయి. సాయంత్రం డెక్కు మీద కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చుంటే ఎవరూ లేవమనరు. అయితే ‘ఐకాన్’ లాంటి ఓడ పొడవు 365 మీటర్లు. ఈ చివర గది, ఆ చివర భోజనాల హాలు అయితే రోజుకి ఎన్ని ప్రదక్షిణలో! గది లిఫ్టుకి దగ్గర్లో కావాలని బుక్ చేసేటప్పుడే అడగాలి. రేవు లేనిచోట ఓడని దూరంగా ఆపి చిన్న పడవల్లో దింపుతారు. ఊగే పడవలోకి అడుగుపెట్టడం పెద్దవాళ్లకి కష్టం. అలాంటి ఊరు దారిలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

కోడలి సంగతి ఏ బ్రోచర్లోనూ ఉండదు. అత్తమామలు వచ్చినప్పట్నుంచీ ఆఫీసూ, వంటిల్లూ, పిల్లల బడీ అన్నీ ఒంటిచేత్తో లాక్కొస్తున్న మనిషికి ఏడు రోజులు పొయ్యి వెలిగించక్కర్లేదు, గిన్నె కడగక్కర్లేదు. ఆ విలువ డాలర్లలో రాసుకునే గడి లెక్కలో లేదు గానీ, ఈ కుటుంబాలు మళ్లీ మళ్లీ ఓడెక్కడానికి సగం కారణం అదే కావచ్చు.

ఆవకాయ జాడీ రానివ్వరు

శాకాహారులకి భయం అక్కర్లేదు. మెయిన్ డైనింగ్‌లో ముందురోజు రాత్రే చెబితే భారతీయ శాకాహార భోజనం చేసి పెట్టడం పెద్ద ఓడల్లో మామూలే. పప్పు, కూర, అన్నం, రొట్టె వస్తాయి. మన ఇంటి పప్పు రుచి ఆశించకూడదంతే. వండి పెట్టిన తిండి, ఇంట్లో పట్టిన పచ్చళ్లూ ఓడలోకి రానివ్వరు. దుకాణంలో కొన్న, సీలు విప్పని పొట్లాలకి చాలా కంపెనీలు అభ్యంతరం చెప్పవు. రైస్ కుక్కరు, నీళ్లు కాచే కెటిలు, ఇస్త్రీపెట్టె... నిప్పు భయం ఉన్నవేవీ కుదరవు. పెట్టె తనిఖీలో తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడు ఇస్తారు.

కోయకూడని ఖర్చు

టిప్పుని కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగితే చాలా కంపెనీలు తీసేస్తాయి. ‘ఐదొందల డాలర్లు మిగిలాయి’ అని స్నేహితులకి చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఆ ఐదొందలు ఎవరివి? ఓడలు బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలతో తిరుగుతాయి. అమెరికా జీతాల చట్టాలు వాటికి వర్తించవు. గది సర్దేవాళ్లు, వడ్డించేవాళ్లు ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండొనేసియా, భారత్ నుంచి వచ్చినవాళ్లు. నెలల తరబడి ఒప్పందం, వారానికి ఏడు రోజులూ పని. రోజుకి కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నౌకా కార్మిక ఒడంబడిక చెబుతోంది. విశ్రాంతికి పది అన్నారంటే మిగతా పద్నాలుగు గంటలూ పనికి దొరికినట్టే! వాళ్ల సంపాదనలో టిప్పుల వాటా పెద్దది. చవకగా వెళ్లాలనుంటే బాల్కనీ మానుకోవచ్చు, ఫొటోలు మానుకోవచ్చు, రేవులో కంపెనీ బస్సు బదులు ఊళ్లో టాక్సీ మాట్లాడుకోవచ్చు. ఓడ బయల్దేరే వేళకి వచ్చేయాలంతే, కంపెనీ బస్సులో వెళ్లినవాళ్ల కోసం ఆగినట్టు టాక్సీలో వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు. పాకీపనీ పక్కపనీ చేసిన మనిషి కూలి దగ్గర మాత్రం పొదుపు చూపించకూడదు.

ఎప్పుడు వెళ్తే ఎంత

బడి సెలవులే ధరల్ని నడిపిస్తాయి. క్రిస్మస్ వారం, మార్చి స్ప్రింగ్ బ్రేక్, జూన్ జులైల్లో ధర కొండెక్కుతుంది. అదే ఓడ, అదే గది సెప్టెంబరులోనూ డిసెంబరు మొదటివారంలోనూ బాగా దిగుతుంది. సెప్టెంబరు తుపాన్ల కాలం. ఓడ మునుగుతుందన్న భయం అక్కర్లేదు గానీ, దారి మార్చి ఒక దీవి బదులు ఇంకో దీవికి తీసుకెళ్లొచ్చు. బడికి వెళ్లని వయసు పిల్లలున్నవాళ్లకి అది బంగారం లాంటి అదను. జనవరి నుంచి మార్చి దాకా కంపెనీలు ఆఫర్లతో హోరెత్తిస్తాయి. అప్పుడు బుక్ చేసుకుని, ఆ తర్వాత ధర తగ్గిందేమో చివరి వాయిదా కట్టేలోపు చూస్తూ ఉండటం తెలిసినవాళ్లు చేసే పని.

సింగపూర్ నుంచి, విశాఖ నుంచి

అమెరికాలో పిల్లల్లేని ఇళ్లకి దగ్గరి రేవు సింగపూర్. 1990ల్లో స్టార్ క్రూజెస్ మొదలుపెట్టిన మూడు నాలుగు రాత్రుల విహారాలే మనవాళ్లకి ఈ సరదా నేర్పాయి. దాని మాతృసంస్థ గెంటింగ్ హాంకాంగ్ 2022లో దివాలా తీశాక, అదే ఏడాది జూన్‌లో రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్ పేరుతో ‘గెంటింగ్ డ్రీమ్’ మళ్లీ సింగపూర్ నుంచి కదిలింది. రాయల్ కరీబియన్ ఓడలు కూడా అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు తిరుగుతాయి. సగం కట్టి ఆగిపోయిన గెంటింగ్ వాళ్ల భారీ ఓడని 2022లో డిస్నీ కొని ‘డిస్నీ అడ్వెంచర్’గా మార్చింది. దాన్ని సింగపూర్ నుంచే తిప్పాలని, 2025 డిసెంబరులో అనుకున్న తొలి ప్రయాణాన్ని 2026 మార్చికి జరిపింది. మూడు నాలుగు రాత్రులు ఏ ఊళ్లోనూ ఆగకుండా సముద్రంలోనే తిప్పి తీసుకురావడం దాని పద్ధతి. ఊళ్లు చూడాలనుకునే తాతయ్యకి ఇది నచ్చకపోవచ్చు.

ఈ పొట్టి ప్రయాణాల్లో ఒక మాయ ఉంది. అమ్మేది రాత్రుల లెక్కన, మనం అనుభవించేది పగళ్లు. మూడు రాత్రులంటే మొదటిరోజు సాయంత్రం బయల్దేరి, నాలుగో రోజు పొద్దున్నే దిగిపోవడం. నిండు పగళ్లు రెండే! రెండు రాత్రులైతే ఒక్కటే. మొత్తం ఖర్చుని, విమానం టికెట్టు సహా, నిండు పగళ్లతో భాగిస్తే అసలు రేటు బయటపడుతుంది. ఎలాగూ సింగపూర్ చూడ్డానికి వెళ్తూ దానికి ఓడని తగిలిస్తే గిట్టుబాటు. ఓడ కోసమే వెళ్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. మరోమాట... ఓడ మలేసియా వెళ్లి తిరిగొస్తుంది కాబట్టి సింగపూర్‌లోకి రెండుసార్లు అడుగుపెట్టినట్టు లెక్క. వీసా ఒక్కసారి ప్రవేశానిదా, ఎన్నిసార్లయినా వెళ్లొచ్చేదా చూసుకోవాలి. ట్రావెల్ ఏజెంటు విదేశీ ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్ ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. రసీదు పారేయకూడదు.

పాస్‌పోర్టు గొడవే వద్దనుకుంటే మన తీరమే ఉంది. 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి మొదలైన కార్డీలియా క్రూజెస్ వాళ్ల ‘ఎంప్రెస్’ 1990లో ఫ్రాన్స్‌లో తయారై, రాయల్ కరీబియన్ కింద తిరిగిన ఓడే. ఈనాటి అమెరికా ఓడల పక్కన చిన్నది. పదకొండు అంతస్తులు, పద్దెనిమిది వందల మంది దాకా పడతారు. జైన భోజనం కూడా దొరుకుతుంది. 2022 జూన్‌లో తొలిసారి విశాఖ వచ్చినప్పుడు చూడ్డానికే జనం కదిలారు. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో సుమారు 96 కోట్లతో క్రూజ్ టెర్మినల్ తెరిచారు. 2025 జులైలో ఎంప్రెస్ మళ్లీ వచ్చి పుదుచ్చేరి, చెన్నైల వైపు ప్రయాణికుల్ని తీసుకెళ్లింది. పడమటి సముద్రంలో వానలు ముదిరే నెలల్లో తూర్పుకి రావడం దానికి కలిసొస్తుంది. ఇక్కడ నాలుగు జారుడుబల్లలూ, మంచు మైదానాలూ ఆశించకూడదు. విశాఖవాసికి మాత్రం విమానం ఖర్చు సున్నా. ఆ ఒక్క అంకె మీదే లెక్కంతా తిరగబడొచ్చు! జీఎస్టీ, రేవు రుసుము, టిప్పు ధరలో కలిశాయా లేదా అన్నది మాత్రం రాతపూర్వకంగా అడగాలి.

ఆఖరి రాత్రి

మళ్లీ మయామీకి వస్తే... తాతయ్యా నానమ్మల పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా ఇంకా చెల్లుతుండాలి, ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశం ఉండాలి. దీవులకి వెళ్లడమంటే దేశం దాటి తిరిగి రావడమే. కొడుకు వీసా స్టాంపు గడువు తీరి ఉంటే టికెట్టు కొనకముందే లాయరుని అడగాలి, ఓడల ఏజెంటుని కాదు. ఓడలో డాక్టరు ఉంటాడు, కానీ ఫీజు అక్కడికక్కడే బిల్లులో పడుతుంది. పెద్దవాళ్ల కోసం తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు సముద్రం మీదా దీవుల్లోనూ పనికొస్తుందో లేదో పాలసీ కాగితం తీసి చదవాలి. హెలికాప్టర్లో ఒడ్డుకి చేర్చాల్సి వస్తే ఇప్పటిదాకా వేసిన లెక్కలన్నీ దాని ముందు చిల్లర.

ఓడలో డబ్బు కంటికి కనిపించదు. గది తాళానికి ఇచ్చిన కార్డే అన్నిచోట్లా గీస్తారు. అందుకే రెండ్రోజులకోసారి టీవీలోనో ఫోను యాప్‌లోనో బిల్లు చూసుకోవాలి. పిల్లల కార్డులకి కొనుగోళ్లు కట్టేయమని మొదటిరోజే కౌంటర్లో చెబితే ఆపేస్తారు. ఆఖరి రాత్రి పూర్తి లెక్క వస్తుంది. తాగని కోక్, దిగని ఫొటో అందులో ఉంటే ఆ రాత్రే వెళ్లి తీయించుకోవాలి. పొద్దున ఆరింటికి ఓడ రేవుకి చేరుతుంది, ఎనిమిదింటికి గది ఖాళీ చేయమంటారు. అప్పటికి కౌంటర్ ముందు వరస మెట్ల దాకా పాకి ఉంటుంది.

కాబట్టి ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, కళ్లజోడు పెట్టుకుని ఆ బిల్లు వరసవారీగా చదవడానికి తాతయ్య కన్నా తగిన మనిషి ఓడ మొత్తమ్మీద దొరకడు.